ఔలీలో బస యెచట?

హిమాలయమున స్కీ క్రీడకై పోవువారు బసను గూర్చి విచారించునపుడు, గదినుండి నందాదేవి శిఖరము కనిపించునా, వేడినీరు దొరకునా యని యడుగుదురు. ఆ బస యెట్టి నేలపై నున్నదని యడుగువారు అరుదు.

ఉత్తరాఖండములోని ఔలీ వాలులకు దిగువను జోషీమఠ మున్నది. వాలుచెంతనే బసచేసిన ప్రయాసము తగ్గును, వ్యయము హెచ్చును. దిగువ పట్టణమున అద్దె చౌక. అంగళ్లు, వైద్యము దగ్గర. కాని మంచు హెచ్చిన దినమున ఔలీదారి మూసివేయవచ్చును. ఇంతవఱకు అందఱెఱిగినదే.

అయితే జోషీమఠము పూర్వము విరిగిపడిన కొండచరియలపై నిలిచినదనియు, అచట భారీ కట్టడములు కూడదనియు గఢ్వాల్ కమిషనరు మిశ్రాగారి సంఘము 1976లోనే హెచ్చరించెను. ఆ హెచ్చరికను లెక్కచేయక మేడలు లేపిరి. 2023 జనవరిలో నేల క్రుంగి 800కు పైగా కట్టడములు బీటలు వాఱెను. ఒకదానివైపొకటి యొరగిన రెండు హోటళ్లను కూల్చవలసివచ్చెను. ఔలీకి పోవు రోప్‌వే నిలిచిపోయెను.

అట్లని ఆ యూరిని విడనాడుట న్యాయము గాదు. అనేక కుటుంబముల జీవనము యాత్రికులపైననే యున్నది. అంతస్తులు పేర్చిన హోటలును మాని, బీటలులేని చిన్న యింటిని వెదకుడు. వాడిన నీరు ఎచటికి పోవునో యడుగుడు. ఇంకిన నీరే ఆ నేలకు శత్రువు. యాత్రికుని గిరాకినిబట్టియే యచట కట్టడములు లేచుచున్నవి. కావున బస నెన్నుకొనుటలో మనకును బాధ్యత గలదు.