కారు సరిహద్దు దాటింది.. మరి రీకాల్?

హెచ్‌1బీ గడువు ముగిసిపోతోందనో, లాటరీలో పేరు రాలేదనో అమెరికా నుంచి కెనడాకు మారే మన కుటుంబాలు తక్కువేమీ కాదు. సామానుతో పాటు కారునూ తీసుకెళ్దాం అనుకుంటే అక్కడ ఒక కాగితం అడ్డం పడుతుంది. 15 ఏళ్ల లోపు కారైతే, దాని మీద చేయించాల్సిన రీకాల్ పని ఏదీ మిగల్లేదని రుజువు చూపించాలి. అది లేకపోతే కెనడాలో దిగుమతి ప్రక్రియ పూర్తి కాదు. చూడ్డానికి ఇది గుమాస్తా పనిలా ఉన్నా, దీని వెనకాల ఉన్న ప్రశ్న చిన్నది కాదు. ఒక దేశంలో అమ్మిన కారులో లోపం ఉంటే, అది ఇంకో దేశంలో తిరుగుతున్నప్పుడు బాగుచేసే బాధ్యత ఎవరిది?

అమెరికాలో 1966 నాటి వాహన భద్రతా చట్టం ప్రకారం భద్రతకు సంబంధించిన లోపం బయటపడితే కంపెనీ ఉచితంగా సరిచేయాలి. మొదటి అమ్మకం నుంచి 15 ఏళ్ల వరకు ఈ హక్కు ఉంటుంది. అయితే ఆ చట్టం అమెరికా మార్కెట్ కోసం వచ్చిన బండ్లకే. ప్రకటనల్లో కంపెనీ ప్రపంచమంతా ఒకటే. చట్టం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అమెరికా శాఖ వేరు, కెనడా శాఖ వేరు, ఇండియా శాఖ వేరు.

లోపాలకు మాత్రం ఈ శాఖల సంగతి తెలియదు. టకాటా ఎయిర్‌బ్యాగులే సాక్ష్యం. ఆ కంపెనీ ఎయిర్‌బ్యాగును ఉబ్బించడానికి అమ్మోనియం నైట్రేట్ బిళ్లలు వాడింది. కెమిస్ట్రీ చదివినవాళ్లకు ఇది పాత పరిచయమే. తేమను పీల్చుకుంటుంది, 32 డిగ్రీల దగ్గర స్ఫటిక రూపం మారి పరిమాణం కూడా మారుతుంది. స్థిరంగా ఉండటానికి వేరే పదార్థం కలిపినా, ఏళ్ల తరబడి పగటి వేడికీ రాత్రి చల్లదనానికీ, తేమకూ ఆ బిళ్లలు విరిగి పొడవుతాయి. పటికబెల్లం ముక్క కంటే దాని పొడి నీళ్లలో ఎంత తొందరగా కరుగుతుందో తెలుసు కదా. మండటంలోనూ అంతే. మందు ఒక్కసారిగా అంటుకుని, చుట్టూ ఉన్న లోహపు డబ్బా పేలి, ఆ ముక్కలు నడిపేవాళ్ల మెడకూ ముఖానికీ తగిలాయి. అమెరికాలో 28 మరణాలు అధికారికంగా నిర్ధారణ అయ్యాయి.

2008లో హోండా మొదటి రీకాల్ చేసినప్పుడు అది సుమారు 4 వేల కార్లకే. 2014లో ఫ్లోరిడా, హవాయి, ప్యూర్టోరికో లాంటి తేమ ప్రాంతాలకే రీకాల్ సరిపోతుందని కంపెనీలు వాదించాయి. ఫ్లోరిడాలో పదేళ్లు ఎండలో ఉన్న కారు మిషిగన్‌లో అమ్ముడుపోదా? దేశవ్యాప్తంగా చేయమని ప్రభుత్వం అడిగితే టకాటా మొదట ఒప్పుకోలేదు. 2015 మేలో గానీ దిగిరాలేదు. చివరికి లెక్క అమెరికాలోనే సుమారు 6.7 కోట్ల ఇన్‌ఫ్లేటర్లకు చేరింది. 2014లోనే మలేషియాలో ఒక గర్భిణి హోండా సిటీలో చనిపోయారు. ఆ కారులోని ఇన్‌ఫ్లేటర్ తయారైంది జార్జియాలోని టకాటా ఫ్యాక్టరీలో. ఫ్లోరిడా తేమ ప్రమాదమైతే విశాఖ తేమ, కౌలాలంపూర్ తేమ ప్రమాదం కావా?

ఇంతకుముందు కూడా ఇలాంటిదే జరిగింది. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. అంతకుముందే ఫోర్డ్ సౌదీలోనూ వెనిజులాలోనూ అవే రకం టైర్లు మార్చి ఇస్తోంది. ఆ సంగతి అమెరికా ప్రభుత్వానికి చెప్పాలని అప్పట్లో నిబంధన లేదు. ఆ కోపంతో కాంగ్రెస్ అదే ఏడాది ట్రెడ్ చట్టం తెచ్చింది. విదేశంలో రీకాల్ చేస్తే, అలాంటి బండ్లే ఇక్కడా ఉంటే 5 పనిదినాల్లో చెప్పాలి. మంచిదే, కానీ దారి ఎటువైపో చూడండి. బయటి కబురు అమెరికాకు వస్తుంది. అమెరికాలో మార్చిన భాగాన్ని హైదరాబాద్‌లోనూ మార్చమని ఆ చట్టం చెప్పదు.

ఇండియాలో 2012 నుంచి స్వచ్ఛంద రీకాల్ పద్ధతి ఉంది. 2019 మోటారు వాహన సవరణ చట్టంతో కేంద్రానికి ఆదేశించే అధికారం వచ్చింది, 2021 ఏప్రిల్ నుంచి నిబంధనలు అమల్లోకి వచ్చాయి, జరిమానా కోటి రూపాయల వరకు ఉంది. నాకు నచ్చనిది 7 ఏళ్ల లోపు వాహనాలకే అన్న షరతు. టకాటా లాంటి లోపం వయసుతో పాటే ముదురుతుంది. కారు పాతబడి ప్రమాదం పెరిగే వేళకు చట్టం చేతులు దులుపుకుంటే ఎలా? అమెరికాలో 15 ఏళ్లు దాటిన పాత హోండాలకు కూడా ఎయిర్‌బ్యాగు ఇప్పటికీ ఉచితంగానే మారుస్తున్నారు.

ఆ పాత హోండాల మాట మన విద్యార్థులకు ముఖ్యం. 2001-2003 మధ్య వచ్చిన కొన్ని హోండా, అక్యూరా కార్లలో, ప్రమాదం జరిగితే ఇన్‌ఫ్లేటర్ పేలే అవకాశం 50 శాతం దాకా ఉందని 2016లో ప్రభుత్వమే హెచ్చరించింది. పెద్ద అద్దె కార్ల కంపెనీలు రీకాల్ పని చేయించకుండా కారు ఇవ్వకూడదని ఫెడరల్ చట్టం ఉంది. సెకండ్ హ్యాండ్ డీలర్లకు అలాంటి ఫెడరల్ నిషేధం లేదు. చౌకగా వస్తోందని సీనియర్ దగ్గర కొన్నా, డీలర్ దగ్గర కొన్నా, డబ్బు ఇచ్చేముందు 17 అక్షరాల వీఐఎన్ నంబరును ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో కొట్టి చూడటానికి నిమిషం కూడా పట్టదు.

కెనడా వెళ్లేవాళ్లు రీకాల్ పని ఇక్కడి డీలర్ దగ్గరే ముగించుకుని, రీకాల్ నంబరు ఉన్న రిపేర్ కాగితం తీసుకోవాలి. సరిహద్దు దాటాక కొత్త చిరునామా కంపెనీకి మీరే చెప్పాలి. ఉత్తరాలు రిజిస్ట్రేషన్‌లో ఉన్న చిరునామాకే వెళ్తాయి, పాత అపార్ట్‌మెంట్ మెయిల్‌బాక్స్‌లో పడి ఉంటాయి.

ఊళ్లో అమ్మానాన్నలు వాడే కారు విషయం వేరు. ఇండియాలో తయారైన కారు నంబరు ఎం అక్షరంతో మొదలవుతుంది. దాన్ని అమెరికా సైట్‌లో కొడితే ఏమీ రాదు, రాలేదంటే రీకాల్ లేదని కాదు. ఆ కంపెనీ ఇండియా వెబ్‌సైట్‌లో వెతకాలి. నాన్నగారిని ఆర్సీ ఫొటో వాట్సాప్‌లో పంపమంటే చాలు, ఛాసిస్ నంబరు అందులోనే ఉంటుంది.