మందుకు లొంగని పుండు

తుంగతుర్తి ప్రాంతపు పల్లెలలో కొడవలి గాటు, పత్తికట్టె గీత, ముల్లు దిగిన పాదం వింతలు కావు. పొలంలో దెబ్బ తగిలినవారు గట్టున మొలచిన గడ్డిచేమంతి ఆకు నలిపి, పసరు పిండి, గుడ్డపీలిక కట్టుకొని మరల పనిలోకి దిగడం తరతరాల ఆచారం. చిన్న గాయాలు అలా మానేవి కూడా. ఇటీవలి దశాబ్దాలలో పసరు స్థానాన్ని మరొక అలవాటు ఆక్రమించింది. దుకాణంలో రెండు క్యాప్సూళ్ళు కొని, ఒకటి మింగి, రెండవదానిని విప్పి ఆ పొడిని పుండుపై చల్లుకోవడం! చదువుకున్న ఇళ్ళలోనూ ఇది కనిపిస్తుంది. గృహవైద్యాన్ని అభిమానించే మనం దీనిని గురించి మౌనం వహించడం తగదు.

ఆ పొడి కడుపులో కరిగి, రక్తం ద్వారా తగిన మోతాదులో శరీరానికి అందేందుకు తయారైనది. పుండుపై చల్లితే ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా పడుతుంది. బలహీనమైన క్రిములు చస్తాయి. తట్టుకోగలిగినవి మిగిలి, ఖాళీ అయిన చోటంతా విస్తరిస్తాయి. పైగా ఆ తట్టుకునే విద్యను జన్యువుల రూపంలో వేరే జాతి క్రిములకు సైతం అందిస్తాయి. పెన్సిలిన్ కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో తన నోబెల్ ఉపన్యాసంలోనే, చాలీచాలని మోతాదు వలన ఈ ప్రమాదం కలదని హెచ్చరించాడు. చీము పట్టిన పుండ్లలో తరచుగా కనిపించే స్టెఫిలోకోకస్ క్రిమి మెథిసిలిన్‌కు లొంగడం లేదని 1961లో ఇంగ్లండులో బయటపడింది. మందులకు లొంగని క్రిముల మూలంగా 2019లో ప్రపంచంలో సుమారు 12 లక్షల 70 వేల మంది మరణించారని అంచనా.

తప్పంతా రోగిదే అనడం అన్యాయం. పటాన్‌చెరులో మందుల పరిశ్రమల వ్యర్థజలం శుద్ధి అయి బయటికి వచ్చే నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించగా, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని 2007లో వెల్లడైంది. ఆ మందు మింగిన మనిషి రక్తంలో కూడా అంత ఉండదు! కొన్ని శక్తివంతమైన మందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదనీ, అమ్మినది పుస్తకంలో వ్రాయాలనీ 2014 మార్చి నుండి నిబంధన అమలులోనికి వచ్చింది. చీటీ అడిగే దుకాణదారుని మీద కోపగించుకునేది మనమే కదా.

ఇక మన వైద్యం మాట. సుశ్రుతుడు వ్రణానికి అరవై ఉపక్రమాలు చెప్పాడు. దుష్టవ్రణానికి మొదట శోధనం, ఆ పిమ్మటనే రోపణం. కుళ్ళిన భాగం తొలగించి, కడిగి శుభ్రపరచక పైపూతలు పూసి ప్రయోజనం లేదన్నమాట. పాతబడిన పుండులో క్రిములు జిగురుపొర కట్టుకొని దాగుంటాయనీ, ఆ పొరను తీయనిదే మందు లోపలికి పోదనీ నేటి శాస్త్రం కూడా చెబుతున్నది. మనం మాత్రం శోధనం వదలి పసుపు ఒక్కటే పట్టుకున్నాం. పసుపుతో గాయం మానుతుందన్న విషయంపై 1995లో అమెరికా ఇచ్చిన పేటెంటును మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి పోరాడి 1997లో రద్దు చేయించింది. సంతోషమే. కాని వంటింటి డబ్బాలోని పసుపు క్రిమిరహితం కాదు. తడిచేతులు, చెంచాలు తగిలిన ఆ పొడిని తెరచిన గాయంలో కూరడం సుశ్రుతుని మార్గం కాదు. బూడిద, కాఫీపొడి, పేడ సంగతి చెప్పనే అక్కరలేదు.

చిన్న గాయాన్ని ధారగా పోసిన శుభ్రమైన నీటితో, సబ్బుతో కడిగి, ఉతికి ఎండలో ఆరిన గుడ్డ కట్టాలి. ధనుర్వాతం సూది సంగతి వైద్యుని అడగాలి. ఎరుపు పాకినా, దుర్వాసన వచ్చినా, జ్వరం తగిలినా, చర్మం నల్లబడినా గృహవైద్యం అక్కడితో ఆపివేయాలి. మధుమేహం ఉన్నవారికి పాదంలో స్పర్శ తగ్గి నొప్పి తెలియదు కనుక, వారికి చిన్న గాయం అనేది లేదు. ఇంట్లో పెద్దల పాదాలను రోజూ చూడడం కోడళ్ళ పని మాత్రమే అనుకోకుండా కొడుకులు కూడా చేయవచ్చు.

ఆస్పత్రికి వెళ్ళాక ఒక్క మాట అడగండి: మందు మొదలుపెట్టేలోగా చీము పరీక్షకు పంపుతారా అని. ఏ క్రిమి ఉన్నదో, దానికి ఏ మందు పనిచేస్తుందో రెండు మూడు రోజులలో తెలుస్తుంది. సూర్యాపేటలో 2019 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నది. తుంగతుర్తిలో తీసిన నమూనా అదేరోజు అక్కడికి చేరే ఏర్పాటు ఉండాలని అధికారులను పట్టుబట్టి అడగవలసినది మనమే. పరీక్ష లేకుండా మూడు రకాల మందులు మార్చిన తరువాత ఏది పనిచేస్తుందో తెలియక, కాలివేలు తీసివేయవలసి వచ్చినవారు మన చుట్టాలలోనే ఉంటారు.