మధ్యాహ్నం ఒక్క అరగంట

మన ఇండ్లల్ల సప్పుడుకు కొదువ లేదు. ముందరి అర్రల సాంచెలు, పక్కింట్ల టీవీ, గల్లీల బండ్లు. షోలాపూర్ పూర్వభాగంలో పుట్టిన పిల్లకు జోలపాట కన్నా ముందు సాంచె సప్పుడే వినబడుతది. ఏండ్లకేండ్లు సాంచెల నడుమ నిలబడ్డవాణ్ణి నేను. ఇప్పుడు ఎవరన్నా మెల్లగ పిలిస్తే నాకు వినరాదు. అందుకే ఈ నెల చిన్నపిల్లల గురించి రాస్తున్న.

రోజుకు 8 గంటలు పనిచేసే చోట సప్పుడు 90 డెసిబెల్స్ మించొద్దని ఫ్యాక్టరీ నియమాలల్ల ఉంది. సాంచెల కార్ఖానాలల్ల అది మించుడు మామూలే. అయినా ఆ నియమం పెద్దోళ్లకు. ఇంట్ల తిరిగే సాంచెకు, దాని పక్కన పండిన పిల్లకు ఏ నియమం ఉంది?

సప్పుడు చెవులకే కాదు, చదువుకూ తగులుతది. మా మనుమరాలు ఒక సంగతి చదివి వినిపించింది. అమెరికాలో న్యూయార్క్ నగరంల ఒక బడి పక్క నుంచే రైళ్లు పోయేవి. పట్టాల దిక్కు గదులల్ల కూసున్న పిల్లలు, అవతలి దిక్కు పిల్లల కంటే చదువుడుల వెనకబడ్డరని 1975లో అచ్చయిన పరిశోధనలో తేలింది. తర్వాత పట్టాల కింద రబ్బరు మెత్తలు వేసి, గదుల పైకప్పుకు సప్పుడు తగ్గించే పలకలు కొడితే ఆ తేడా పోయింది. బడి అదే, తగ్గింది సప్పుడొక్కటే.

సాంచెలు బంద్ చేయుమంటే కూడు ఎట్ల అంటరు. నేనట్ల అనను. అన్నం తినే వేళ సాంచె ఎట్లాగూ ఆగుతది. ఆ అరగంట టీవీ, మొబైల్ కూడ బంద్ పెట్టండి. రోజూ అదే వేళ, అదే మూల, అదే చాప. కరెంటు తీగలు, తంబాకు చాట దూరం ఉండాలె, పిల్ల మీ కండ్ల ముందర ఉండాలె. గుడ్డబొమ్మ, రంగుల టవల్ ముక్కలు, బొమ్మల పుస్తకం ఇయ్యండి. చింతగింజలు, గోలీలు ఇయ్యకండి, చిన్నపిల్లలు మింగుతరు.

మొదట ఐదు నిమిషాలు కూసున్నా చాలు, మెల్లమెల్లగ పెంచండి. నిద్రపోతే మరీ మంచిది. 3, 4 ఏండ్ల పిల్లకు పగలు రాత్రి కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. నిద్ర రాకుంటే బలవంతం వద్దు. బూచోడొస్తడని భయపెట్టొద్దు. అల్లరికి శిక్షగ కూసోబెడితే ఆ మూల పిల్లకు జైలయితది.

మా వాడల ఇట్ల చేసే ఇండ్లు చూసిన. ఆ పిల్లలు పొద్దుగూకంగ ఊరికే ఏడ్వరు, తమంతట తాము ఆడుకుంటరు. వెయ్యి బీడీలు చుట్టే తల్లికి కూడ నడుము వాల్చే అరగంట దొరుకుతది. ఆ నిమ్మళంల మెల్లగ పిలిచి చూడండి. పిల్ల మాటిమాటికి తిరిగి చూడకపోతే డాక్టరుకు చెవులు చూపియ్యండి, ఆలస్యం చేయొద్దు.

ఒక్క ఇంట్ల ఆపితే పక్కింటి సప్పుడు వస్తనే ఉంటది. అందుకే గల్లీ అంతా కూడి ఒకే వేళ పెట్టుకోండి అక్కలారా, అన్నలారా. బోనస్ కోసం రోజులకు రోజులు పని బంద్ పెట్టినోళ్లం. పిల్లల కోసం అరగంట బంద్ పెట్టలేమా?