భిలాయ్ హాల్లో సముద్రం: పొసగనివి చేపలొక్కటేనా?

మా మావయ్య భిలాయ్ స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. శ్రీకాకుళం జిల్లాలో సముద్రపు ఒడ్డునున్న ఊరు వదిలి నాలుగు దశాబ్దాలు దాటినా, ఆ నీటి మీద మమకారం మాత్రం పోలేదు. అందుకే హాల్లో వంద లీటర్ల ఉప్పునీటి అక్వేరియం పెట్టారు. మూడు క్లౌన్ చేపలు, డామ్సెల్ చేపలు, ఒక బటర్‌ఫ్లై చేప, రెండు పగడపు ముక్కలు. మే నెల గడిచేసరికి తొట్టెలో నీలం లైటు తప్ప ఏమీ మిగల్లేదు.

"బటర్‌ఫ్లై చేప పగడాన్ని కొరికేసిందిరా, అక్కడే దెబ్బతిన్నాం. ఫిజిక్స్ చదివావు కదా, ఈసారి ఏది దేనితో పొసగుతుందో ఓ కాగితం మీద రాసివ్వు" అన్నారు.

రాసిచ్చాను. అయితే ఆ జాబితాలో మావయ్య అడగని రెండు వరుసలు కూడా ఉన్నాయి. ఒకటి ఇంటి గురించి, ఇంకొకటి చట్టం గురించి. ఉప్పునీటి అక్వేరియం పెట్టాలనుకునే ఎవరైనా ముందు చదవాల్సినవి అవేనని నా అభిప్రాయం.

ముందుగా ఆయన అడిగింది

మావయ్య అనుమానం నిజమే. బటర్‌ఫ్లై చేపల్లో చాలా జాతులకు పగడపు జీవులే ఆహారం. పెద్ద ఏంజెల్ చేపలూ పగడాలను కొరుకుతాయి. లయన్ ఫిష్ పగడాల జోలికి పోదు గానీ, నోట్లో పట్టే చేపను వదలదు. డామ్సెల్ చేపలు చవగ్గా దొరుకుతాయి, గట్టి ప్రాణం. కానీ తొట్టెలో ఒక మూలను ఆక్రమించి, తర్వాత వచ్చిన ప్రతి చేపనూ తరుముతాయి. అందుకే సాధువైన చేపలను ముందు, దూకుడు చేపలను చివర వదలాలి.

క్లౌన్ చేపలన్నీ మొదట మగవే. గుంపులో పెద్దది ఆడచేపగా మారుతుంది, దాని తర్వాతిది జత మగచేప అవుతుంది. కాబట్టి ఒకటి పెద్దది, ఒకటి చిన్నది తెచ్చుకుంటే చాలు. చిన్న తొట్టెలో మూడోది చేరితే దానికి నిలువ నీడ ఉండదు. క్లౌన్ చేపకు సీ అనిమోన్ తప్పనిసరి అనుకోవడం కూడా అపోహే. తొట్టెలో అది లేకుండానే హాయిగా బతుకుతుంది.

పగడాలు కదలవు కాబట్టి పోట్లాడవు అనుకుంటాం. రాత్రి వేళ కొన్ని పగడాలు పొడవాటి స్పర్శకాలు చాచి పక్కవాటిని కుడతాయి. కొన్ని మెత్తని పగడాలు నీటిలోకి రసాయనాలు వదిలి పొరుగువాటి ఎదుగుదలను ఆపుతాయి. ఇక చేపలకు తెల్లమచ్చల జబ్బు వచ్చిందని రాగి మందు వేస్తే చేప బతకవచ్చు గానీ పగడం చస్తుంది. చేపకూ పగడానికీ ఒకే తొట్టెలో వైద్యం కూడా కుదరదు.

ఇంటికి పొసగాలి

బటర్‌ఫ్లై చేప పగడాన్ని కొరికిందే అనుకుందాం. మరి క్లౌన్ చేపలు ఎందుకు చనిపోయాయి? ఆ వారంలో ఒక మధ్యాహ్నం చాలాసేపు కరెంటు పోయిందట. ఏసీ లేదు, పంపు ఆగిపోయింది.

పగడపు దిబ్బల జీవులకు 24 నుంచి 27 డిగ్రీల మధ్య నీరు అనుకూలం. మేలో భిలాయ్ ఎండ 42 డిగ్రీలు దాటడం మామూలే. పగడం లోపల ఉండే సూక్ష్మ శైవలాలే దానికి ఆహారంలో అధికభాగం అందిస్తాయి, రంగునూ ఇస్తాయి. నీరు వేడెక్కితే పగడం వాటిని బయటికి నెట్టేసి పాలిపోతుంది. అదే బ్లీచింగ్. సముద్రంలోనైతే అలవాటైన వేసవి గరిష్ఠం కన్నా ఒక డిగ్రీ పెరిగి కొన్ని వారాలు నిలిచినా చాలు, ఈ ముప్పు మొదలవుతుంది.

వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ కూడా తక్కువగా కరుగుతుంది. ఉప్పు ఉంటే ఇంకా తక్కువ. 25 డిగ్రీల దగ్గర మంచినీటిలో లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాములు కరిగితే, సముద్రపు నీటిలో 7 లోపే. పంపు ఆగితే చేపలకు ముందుగా కరువయ్యేది ఆక్సిజనే.

చాలామంది తొట్టె మీద ఫ్యాను పెడతారు. అది మన ఇళ్లలో కూలర్ పనిచేసే సూత్రమే. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 24 లక్షల జౌళ్ల వేడిని తీసుకుపోతుంది. అదంతా తొట్టె నుంచే పోతే వంద లీటర్లు ఐదారు డిగ్రీలు చల్లబడతాయి. గది నుంచి వేడి మళ్లీ చేరుతూనే ఉంటుంది కాబట్టి నిజంగా దక్కేది అంతకన్నా తక్కువ. పొడిగాలి వీచే మే నెలలో ఈ ఉపాయం బాగానే పనిచేస్తుంది. వానలు మొదలై గాలిలో తేమ నిండాక కూలర్ లాగే ఇదీ చతికిలబడుతుంది.

పైగా ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. వంద లీటర్లలో లీటరుకు 35 గ్రాముల చొప్పున మూడున్నర కిలోల ఉప్పు ఉంటుంది. రోజుకు రెండు లీటర్లు ఆవిరవుతూ వారం పాటు ఎవరూ పట్టించుకోకపోతే లవణీయత 40 గ్రాములు దాటుతుంది. అందుకే తగ్గిన మేరకు రోజూ ఉప్పు కలపని ఆర్వో నీరే పోయాలి. పెళ్లికో పండక్కో వారం ఊరెళ్లే ఇల్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

చట్టానికీ పొసగాలి

ఇక చివరి వరుస. దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ, నల్ల పగడాలు, ఫైర్ కోరల్, ఆర్గాన్ పైప్ కోరల్, సీ ఫ్యాన్‌లతో పాటు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. అంటే పులికి ఉన్న రక్షణే వీటికీ ఉంది. చచ్చిన పగడపు అస్థిపంజరానికీ ఇది వర్తిస్తుంది కాబట్టి, మన సముద్రం నుంచి తవ్వి తెచ్చి 'లైవ్ రాక్' పేరుతో అమ్మే రాళ్లూ ఇందులోకే వస్తాయి. సముద్ర గుర్రాలకూ ఇదే రక్షణ. మావయ్య కొన్న రెండు ముక్కలకు రసీదు కూడా లేదు. 'ఫారంలో పెంచినవే సార్' అన్న ఒక్క మాటే హామీ.

పగడాలను ముక్కలు చేసి తొట్టెల్లో పెంచవచ్చని, దాని వల్ల సముద్రం మీద ఒత్తిడి తగ్గుతుందని అభిరుచిపరులు వాదిస్తారు. సాంకేతికంగా అది నిజం. కొన్ని దేశాల్లో ఆ పని జరుగుతోంది కూడా. అయితే గట్టి పగడాల అంతర్జాతీయ వ్యాపారం సైటిస్ ఒప్పందం పరిధిలో ఉంది, దానికి అనుమతి పత్రాలు ఉండాలి. కాగితం లేని ముక్క ఫారంలో పెరిగిందో, మన్నార్ సింధుశాఖలో విరిచారో కంటితో చూసి చెప్పలేం. చెప్పలేనప్పుడు కొనకపోవడమే సరైనది.

ఇది చాదస్తం కాదు. ప్రపంచవ్యాప్త పగడాల బ్లీచింగ్ నాలుగోసారి జరుగుతోందని 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ ఏడాది లక్షద్వీప్ పగడాలూ పాలిపోయాయి. సముద్రమే కాపాడుకోలేకపోతున్న జీవిని 42 డిగ్రీల ఊళ్లో ఒక ఇన్వర్టరు మీద భారం వేసి కాపాడతామనుకోవడం నాకు సబబుగా తోచదు.

మరి ఏం పెట్టుకోవచ్చు?

"పగడం లేకపోతే అది సముద్రం ఎలా అవుతుందిరా?" అని మావయ్య అడిగారు. సిరామిక్ రాళ్లు పేర్చి, చేపలు వదలక ముందు నాలుగు నుంచి ఆరు వారాలు తొట్టెను నడపమన్నాను. ఆ లోపు బ్యాక్టీరియా స్థిరపడి, విషమైన అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రేట్‌గా మార్చడం మొదలవుతుంది. పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాక హేచరీలో పుట్టిన ఒక క్లౌన్ జత. పంపుకు బ్యాటరీ. అంతే.

హేచరీ చేపలు మన దేశంలో కొత్త కాదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్, డామ్సెల్ చేపలను హేచరీల్లో పుట్టించే పద్ధతులను ఎప్పుడో రూపొందించింది. లోటు దుకాణం దగ్గరే ఉంది. ఈ చేప హేచరీదా, సముద్రంలో పట్టిందా అన్నది తొట్టె మీద రాసి ఉండాలి. కొనేవాళ్లు అడగనంత కాలం అమ్మేవాళ్లు రాయరు. ఈసారి దుకాణానికి వెళ్లినప్పుడు ధర కన్నా ముందు ఆ సంగతి అడగండి. మావయ్య ఇప్పటికే అడగడం మొదలుపెట్టారు. ఇంకా సరైన జవాబు దొరకలేదట, తొట్టెలో ప్రస్తుతానికి రాళ్లూ నీళ్లే ఉన్నాయి.