పనిముట్టు మారును, పని నిలుచును

ఉన్నత పాఠశాల చదువు ముగించి కళాశాలలో చేరబోవు విద్యార్థులలో పలువురు నేడు కంప్యూటరుపై బొమ్మలు దిద్దుట, చలనచిత్రములు కూర్చుట, ధ్వని సవరించుట మొదలగు విద్యలను నేర్వగోరుచున్నారు. వారికై ఏర్పడు పాఠక్రమ మెట్లుండవలయునో తల్లిదండ్రులును ఉపాధ్యాయులును ఆలోచించుట మంచిదని మా యభిప్రాయము.

పాఠక్రమము నంతటిని ఒక్క సాఫ్టువేరు పేరు మీద నిర్మించుట సులభమే గాని క్షేమకరము కాదు. 1985లో వెలువడిన పేజిమేకరు అచ్చుపనిలో గొప్ప మార్పు తెచ్చెను. 2001లో వచ్చిన ఏడవ కూర్పే దానికి కడపటిదయ్యెను. కదలు బొమ్మలకు ప్రసిద్ధి కెక్కిన ఫ్లాషు ప్లేయరునకు 2020 డిసెంబరు 31వ తేదీతో దాని యజమానులే స్వస్తి చెప్పిరి. ఏ మీట యెక్కడనున్నదో మాత్రమే వల్లించిన వాని విద్య సాధనముతో కూడ ముగియును. కదలికకు కాలము కొలుచుటయు, బొమ్మ గీయుటయు నేర్చినవాడు వేఱొక సాధనమును చేపట్టి తన పని సాగించుకొనగలడు.

కావున మొదటి సంవత్సరమున మారని విషయములు నేర్పవలయును. ఛాయాచిత్రము చుక్కల కూర్పు గనుక మిక్కిలి పెద్దది చేసినచో చెదరును. గణితముచే గీయబడిన రేఖాచిత్రము చెదరదు. తెరపై రంగులు ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వెలుగుల కలయిక. అచ్చులో సాధారణముగా నాలుగు సిరాల కలయిక. కాంపాక్టు డిస్కుపై ధ్వనిని సెకనునకు 44,100 మారులు కొలిచి వ్రాయుదురు. ఇవి యెఱిగినవానికి ఏ సాఫ్టువేరైనను పరాయిది కాదు.

మన విద్యార్థులకు తెలుగు లిపి సంగతియు ముఖ్యము. పాత ఫాంటులలో ఆంగ్లాక్షరముల సంకేతములకే తెలుగు రూపములు తొడిగిరి. ఆ ఫాంటు లేనిచోట వ్రాత యర్థము కాదు, వెదకినను దొరకదు. 1991 నాటి యూనికోడు మొదటి కూర్పుననే తెలుగునకు స్థానము లభించినది. దానిని నేర్పని పాఠక్రమము మన భాషకు అన్యాయము చేయును.

ఇక వ్యయము. ఫోటోషాపు యజమానులు తమ కొత్త కూర్పులను అమ్ముటకు మాఱు చందాపైననే యిత్తుమని 2013లో ప్రకటించిరి. కళాశాల విడిచిన పిమ్మట బీద విద్యార్థి యా చందా నెట్లు కట్టగలడు? ఉచిత సాధనములు లేకపోలేదు. బర్క్లీ విద్యార్థు లిద్దరు చేసిన గింపు 1996లో వెలువడెను. 2002లో వాడుకదారులు లక్ష యూరోలు ప్రోగుచేసి బ్లెండరును అందఱ సొత్తు గావించిరి. ఆ బ్లెండరుతో నిర్మింపబడిన లాత్వియా చిత్రము ‘ఫ్లో’ 2025లో ఆస్కారు బహుమతి నందినది.

‘ఉద్యోగమిచ్చువారు ఫలానా సాఫ్టువేరు వచ్చునా యని యడుగుదురు గదా’ యని కొందఱందురు. నిజమే. కనుక వృత్తిలో వాడుకయందున్న సాధనము నొకదానిని తప్పక నేర్పవలసినదే. కాని దానితోపాటు ఉచిత సాధనము నొకదానిని నేర్పి, పరీక్షలో ఒకే పనిని రెండింటను చేయింపవలయును. అప్పుడు విద్యార్థి నేర్చినది పనియో, మీటల వరుసయో తేటపడును.

తల్లిదండ్రులారా, రుసుము చెల్లించుటకు ముందు పాఠక్రమ పత్రమును చదువుడు. అందు సాఫ్టువేరుల పేర్లు మాత్రమే యున్నచో, వాటిని తీసివేసిన పిమ్మట మిగులు విద్య యేదియో అధ్యాపకుల నడుగుడు.