గోడ ఊగితే బేస్ కాదు

మన వైపు ఇంట్లోకి సబ్‌వూఫర్ వచ్చిందంటే ముందు జరిగేది ఒకటే. దాన్ని మూలకి నెట్టి, నాబ్ చివరికంటా తిప్పి, కిటికీ అద్దాలు అదిరాయా లేదా అని చూస్తారు. అదిరితే మంచి సరుకు, లేకపోతే నాసిరకం. ఈ కొలత పూర్తిగా తప్పని నా అభిప్రాయం. రెండు స్పీకర్ల స్టీరియోకి సబ్‌వూఫర్ జతచేసేది అది విడిగా వినిపించాలని కాదు. చిన్న స్పీకర్లకు అందని కింది నాదాన్ని అది అందించాలి. ఆ నాదం కూడా ఆ స్పీకర్లలోంచే వస్తున్నట్టుండాలి.

ఈ మాట విజయనగరంలో ఉండి చెబుతున్నాను. 1919లో సంగీత కళాశాల పెట్టుకుని ఆదిభట్ల నారాయణదాసు గారిని తొలి ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టుకున్న ఊరు ఇది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస మొద్దు తొలిచి వీణ చేస్తారు. దాని అనుమంద్ర తీగ మూలనాదం 60 హెర్ట్జ్ దరిదాపులకు దిగుతుంది. జముకుల కథ చెప్పేవాళ్ళు జముకు తీగను లాగి పట్టుకుని మీటుతుంటే, బిగువు మారేకొద్దీ ఆ గుమ్మనే నాదం పైకీ కిందకీ జారుతుంది. లోతైన ధ్వని మనకు కొత్తేం కాదు. ఆ లోతులో స్వరం ఉండేది. ఊరేగింపుల్లోకి డీజే బాక్సులు వచ్చాక స్వరం పోయి గుద్దు మిగిలింది. దానికే అలవాటుపడ్డ చెవులతో ఇంట్లో బేస్ సరిచేస్తున్నాం. నా బాధ అదే.

నేను మృదంగం నేర్చుకున్నవాణ్ణి. కచేరీకి ముందు ఎడమవైపు తొప్పికి తడిపిన రవ్వముద్ద అద్ది, వేలితో తట్టి విని, కాస్త తీసి, మళ్ళీ అద్దుతాం. ముద్ద ఎక్కువైతే మూగపోతుంది, తక్కువైతే తేలిపోతుంది. సబ్‌వూఫర్ని కూడా అంత ఓపిగ్గానే శ్రుతి చేయాలి.

ముందు గది సంగతి. మా హాలు పొడవు పద్నాలుగడుగులు, వెడల్పు పదకొండు. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. ఆ లెక్కన ఎదురెదురు గోడల మధ్య పొడవువైపు 40 హెర్ట్జ్ దగ్గర, అడ్డంగా 51 హెర్ట్జ్ దగ్గర అలలు నిలబడిపోతాయి. ఆ రెండు చోట్లా బేస్ ఉబ్బుతుంది, ఆగాక కూడా మూలుగుతుంది. సిమెంటు గోడలు, పైన స్లాబు, కింద టైల్సు, ఈ ధ్వనిని పీల్చుకునేది ఏదీ లేదు. శ్రీకాకుళం తీరాన ఇప్పటికీ అక్కడక్కడా కనిపించే చుట్టిళ్ళలో ఎదురెదురు గోడలే ఉండవు, పైగా గడ్డికప్పులోంచి బేస్ బయటికి పోతుంది. మన డాబా ఇళ్ళకు ఆ సుఖం లేదు. అలాంటి గదిలో సబ్‌వూఫర్ని మూలన పెట్టడమంటే ఆ ఉబ్బునంతా ఒకేసారి లేపడమే. అయినా దుకాణాల్లో ముందుగా చెప్పేది మూలన పెట్టమనే.

మంచి చోటు వెతికే పద్ధతి చూసేవాళ్ళకు వింతగా ఉంటుంది కానీ పనిచేస్తుంది. మనం కూర్చునే కుర్చీలో సబ్‌వూఫర్ని పెట్టి పాట వేయాలి. గోడల వెంబడి వంగి, చెవిని కుర్చీ ఎత్తుకు దించి వింటూ నడవాలి. బేస్ సమంగా వినిపించిన చోటే దాని చోటు. నేను పరీక్షకు మృదంగం తనియావర్తనం పెడతాను. తొప్పి మీద గుమ్కీ జారుతున్నప్పుడు నాదం ఒక స్థాయి నుంచి ఇంకో స్థాయికి పాకుతుంది. దారిలో ఎక్కడో ఒకచోట అది ఒక్కసారిగా లావైతే, గది మాట్లాడుతోందన్నమాట. మా ఇంట్లో చివరికి పుస్తకాల బీరువాకీ ఎడమ స్పీకరుకీ మధ్య కుదిరింది.

నా ఆంప్లిఫయరు పాతది, సబ్‌వూఫర్‌కని వేరే అవుట్‌పుట్ లేదు. అందుకని కొత్తది కొనాలనుకోవద్దు. హై లెవల్ ఇన్‌పుట్ ఉన్న సబ్‌వూఫర్ అయితే స్పీకర్ వైర్లు బిగించే చోటు నుంచే ఇంకో జత వైర్లు లాగి ఇవ్వచ్చు. ఆ తర్వాత క్రాసోవర్, అంటే సబ్‌వూఫర్ ఏ పౌనఃపున్యం నుంచి కిందికి అందుకోవాలో చెప్పే హద్దు. నా స్పీకర్లలో ఐదంగుళాల కోన్లు, 60 హెర్ట్జ్ దాటి కిందికి దిగలేవు, అందుకే అక్కడే కలిపాను. దాన్ని 120 దాకా పెంచితే మగగొంతు అడుగుభాగం కూడా డబ్బాలోంచే వస్తుంది, గాయకుడు నేలమీద కూర్చున్నట్టుంటుంది. 80 హెర్ట్జ్‌కి దిగువన ధ్వని ఎటునుంచి వస్తోందో చెవి సరిగా పట్టలేదు, ఆ గీత దాటకుండా ఉంటే మేలు. ఫేజ్ స్విచ్‌ను చాలామంది ముట్టుకోరు. స్పీకరు కోను ముందుకొస్తున్న క్షణంలో సబ్‌వూఫర్ కోను వెనక్కి పోతే రెండూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. స్విచ్ అటూ ఇటూ వేసి, కూర్చున్న చోట ఎటువేస్తే నిండుగా ఉందో అటు ఉంచడమే.

చివరగా సౌండ్. ఇంకాస్త ఉంటే బాగుండు అనిపించే దగ్గర ఆపాలి. పాట మధ్యలో సబ్‌వూఫర్ ఆపేస్తే మృదంగం సగం పోయినట్టుండాలి, వేసినప్పుడు అదెక్కడుందో తెలియకూడదు. పాత రికార్డులకైతే నేను దాన్ని పూర్తిగా ఆపేస్తాను. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్‌లో ఎంత కిందితీగైనా సబ్‌వూఫర్ పరిధికి పైనే ఉంటుంది. అప్పటి రికార్డుల్లో ఆ అడుగున గరగర తప్ప సంగీతం ఉండదు.

మా గోడ అవతల పెద్దాయన ఉంటారు. అన్నీ సర్దాక ఆయన అన్నమాట, "ఇప్పుడు గోడ ఊగడం నేదు బావూ, పాట బావున్నాది." ఇది చిన్న విషయం కాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదంటాయి. కానీ ఆ కొలత 'ఏ' తూకంతో వేసేది, అందులో 50 హెర్ట్జ్ ధ్వనికి 30 డెసిబెల్స్ తరుగు తీసేస్తారు. అంటే పొరుగింటి మంచం వణికించే బేస్ మీటరులో దాదాపు కనిపించదు. డీజేల మీద ఫిర్యాదులు తేలిపోవడానికి ఇదీ ఒక కారణమని నేననుకుంటున్నాను. తక్కువ పౌనఃపున్యాలకు విడిగా ఒక హద్దు పెట్టాలి.

దుకాణాలవాళ్ళు పీఎంపీవో వాట్లంటూ వేలల్లో అంకెలు అట్టపెట్టెల మీద చూపించడం మానాలి. ఆ అంకెకు ఆధారమైన ప్రమాణం అంటూ ఏదీ లేదు. సబ్‌వూఫర్ మంచిచెడ్డలు దుకాణం గదిలో తేలవు కాబట్టి, ఇంటికి తీసుకెళ్ళి రెండు రోజులు విని చూసే వీలు కొనేవాళ్ళకు ఇవ్వాలి. కొనేవాళ్ళు కూడా సినిమా ట్రైలర్ కాకుండా, వీణో మృదంగమో ఉన్న పాటొకటి ఫోన్లో పట్టుకెళ్ళి అది వేయించుకుని వినాలి.