చెబితే మానేస్తారా? చెప్పకే మానేస్తున్నారు

"సైడ్ ఎఫెక్టులు చెబితే పేషెంటు భయపడి మందు మానేస్తాడు. అందుకే చెప్పకూడదు." తిరువూరు బస్టాండు చుట్టుపక్కల క్లినిక్కుల్లో వినపడే ఈ మాటే విజయవాడ పెద్దాసుపత్రుల్లోనూ వినపడుతుంది. మందుల షాపుల వాళ్ళూ ఇదే అంటారు. చివరికి కన్న కొడుకు కూడా తల్లిని వరండాలో కూర్చోబెట్టి, డాక్టరు గదిలోకి ఒక్కడే వెళ్ళి, "అమ్మకేం చెప్పకండి సార్, కంగారుపడుద్ది" అని బతిమాలుతాడు. అందరూ రోగి మేలు కోరే అంటున్నారు, సందేహం లేదు. అయినా ఈ అభిప్రాయం తప్పు. రోగులు మందు మానేయడానికి మన పల్లెల్లో, చిన్న పట్నాల్లో ఉన్న పెద్ద కారణాల్లో ఈ మౌనం ఒకటని నా గట్టి నమ్మకం.

ప్రెడ్నిసొలోన్ సంగతి చూడండి. కీళ్ళవాతం, లూపస్, ఆస్తమా, పిల్లల్లో వచ్చే నెఫ్రోటిక్ సిండ్రోమ్, కిడ్నీ మార్పిడి, ఇన్నిటికీ వాడే స్టెరాయిడ్ బిళ్ళ అది. ఎక్కువ మోతాదులో వేసుకున్న కొన్ని వారాలకు ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది. ఆకలి పెరుగుతుంది, నిద్ర పట్టదు, షుగరు ఎక్కుతుంది. ఏళ్ళ తరబడి వాడితే ఎముకలు గుల్లబారతాయి, కంట్లో శుక్లాలు వస్తాయి. ఇవన్నీ చీటీ రాసిన డాక్టరుకు ముందే తెలుసు. తెలియనిది వేసుకునే మనిషికే. ఏ పెళ్ళిలోనో ఒకావిడ పలకరిస్తుంది: "ఏంటమ్మా, మొహం అట్టా ఉబ్బిపోయింది? స్టెరాయిడ్లు గానీ మింగుతున్నావా? కిడ్నీలు పోతాయే!" అంతే, ఆ రాత్రే బిళ్ళలు చెత్తలో పడతాయి.

అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది. స్టెరాయిడ్ కొన్ని వారాలకు మించి వాడితే, శరీరానికి కావలసిన కార్టిసాల్‌ను సొంతంగా తయారుచేసే పని అడ్రినల్ గ్రంథులు తగ్గించేస్తాయి. బిళ్ళ ఒక్కసారిగా ఆగితే ఆ లోటు పూడ్చేదేదీ ఉండదు. నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదికే రావడం. బ్రిటన్‌లో ఇలాంటి రోగుల జేబులో ఒక స్టెరాయిడ్ ఎమర్జెన్సీ కార్డు ఉండాలని 2020లో అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఆదేశాలిచ్చింది. మనం కార్డు దాకా వెళ్ళనక్కర్లేదు. "మొహం ఉబ్బుతుందమ్మా, డోసు తగ్గించేకొద్దీ మామూలైపోతుంది. నన్నడక్కుండా ఒక్కరోజు కూడా ఆపొద్దు." ఈ రెండు ముక్కలు డాక్టరు నోట ముందే విని ఉంటే, పెళ్ళిలో ఆ మాట విన్నప్పుడు ఆమె దగ్గర జవాబుండేది. మనం నోరు మూసుకున్నంత మాత్రాన ఆమెకు విషయం తెలియకుండా పోదు. తెలిసీ తెలియని వాళ్ళ ద్వారా, సగం సగంగా, భయపెట్టే రూపంలో తెలుస్తుంది.

ఇక మెథోట్రెక్సేట్. ఈ మందు గురించి తెలుగువాడు మరికాస్త ఆగి మాట్లాడాలి. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు స్ప్రూ అనే పేగుల జబ్బుకు ఇద్దరు అన్నదమ్ములను పోగొట్టుకున్నారు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన పరిశోధక బృందం 1940లలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే మందులనూ అదే బృందం తయారుచేసింది. వాటితోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు తొలిసారి కొంత ఊరట ఇవ్వగలిగాడు. ఆ కుటుంబంలోదే మెథోట్రెక్సేట్. కేన్సర్‌కు పెద్ద మోతాదులో ఇచ్చే ఈ మందును కీళ్ళవాతానికి చాలా చిన్న మోతాదులో, వారానికి ఒక్కసారి ఇస్తారు. ఇబ్బందులు తగ్గడానికి విడిగా ఫోలిక్ యాసిడ్ బిళ్ళ కూడా రాస్తారు. రెండూ సుబ్బారావు గారి ప్రయోగశాల నుంచి వచ్చినవే.

వారానికి ఒక్కసారి. ఈ ఒక్క మాట రోగికి అందకపోతే ఏమవుతుందో ప్రపంచమంతటా వైద్యులకు తెలుసు. రోజూ వేసుకుంటే నోరంతా పుళ్ళు పడతాయి, రక్తకణాలు పడిపోతాయి, ఇన్‌ఫెక్షన్ సోకి ప్రాణమే పోవచ్చు. ఈ పొరపాటును ఆపడానికి ఐరోపా మందుల నియంత్రణ సంస్థ 2019లో ప్రత్యేక చర్యలు ప్రకటించింది. బ్రిటన్‌లో అయితే కేన్సర్ కాని జబ్బులకు మెథోట్రెక్సేట్ అధిక మోతాదు పడటాన్ని ఎన్నడూ జరగకూడని ఘటనల జాబితాలో చేర్చారు. మన దగ్గర చీటీ మీద ఇంగ్లీషులో వారానికి ఒకసారి అని రాసి ఉంటుంది. ఆ చీటీ తీసుకెళ్ళేది ఇంగ్లీషు రాని అరవై ఏళ్ళ మనిషి. చాలా బ్రాండ్లలో మెథోట్రెక్సేటూ ఫోలిక్ యాసిడూ రెండూ చిన్న పసుపు బిళ్ళలే. పొరపాటున మెథోట్రెక్సేట్ రోజూ, ఫోలిక్ యాసిడ్ వారానికోసారి వేసుకుంటే? "ఆ బిళ్ళ ఎక్కువైతే ప్రాణం తీస్తుంది, సోమవారం తప్ప ముట్టుకోవద్దు" అని ఆ మనిషి కళ్ళలోకి చూసి చెప్పకపోవడం దయ ఎలా అవుతుంది? భయపడతాడని దాచిన విషయమే అతడిని కాపాడవలసిన విషయం.

ఇదే మందు వాడుతున్న ఆడపిల్లలకు గర్భం రాకూడదు. వస్తే బిడ్డకు తీవ్రమైన లోపాలు రావచ్చు, గర్భం నిలవకపోవచ్చు. రోగనిరోధక శక్తిని అణచే మరో మందు మైకోఫెనొలేట్‌కూ అంతే. పెళ్ళికాని అమ్మాయితో ఈ విషయం ఎలా మాట్లాడాలని డాక్టరు మొహమాటపడతాడు, పక్కనున్న తల్లి అడగదు. ఏడాదికి ఆ అమ్మాయి పెళ్ళవుతుంది. బిళ్ళలు మాత్రం మామూలుగానే నడుస్తుంటాయి. ఆ మొహమాటం ఖరీదు ఎవరు కట్టాలి?

అవతలి పక్షం దగ్గర బలమైన వాదన ఒకటుంది, దాన్ని దాటవేయను. మందు చెడు చేస్తుందన్న భయమే చెడు చేస్తుందంటారు. నిజమే, రుజువు కూడా ఉంది. కొలెస్టరాల్‌కు వాడే స్టాటిన్ బిళ్ళలు పడక మానేసిన 60 మందితో లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు చేసిన అధ్యయనం 2020లో వెలువడింది. వాళ్ళు ఒక నెల అసలు మందు, ఒక నెల మందు లేని ఉత్తుత్తి బిళ్ళ, ఒక నెల ఏమీ లేకుండా, ఇలా మార్చి మార్చి ఏడాది గడిపారు. స్టాటిన్ వేసుకున్నప్పటి బాధల్లో 90 శాతం ఉత్తుత్తి బిళ్ళతోనూ వచ్చాయి. మౌనాన్ని సమర్థించేవారు ఇంతవరకే చెబుతారు. ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి. పరిశోధకులు ఎవరి లెక్కలు వారి ముందు పెట్టి, దాచకుండా వివరించారు. ఆర్నెల్ల తర్వాత చూస్తే సగం మంది, అంటే 30 మంది, మళ్ళీ స్టాటిన్ వేసుకుంటున్నారు. భయాన్ని పోగొట్టింది దాపరికం కాదు, పూర్తి లెక్క చూపించడం. పైగా ఆ ఫలితం స్టాటిన్లది. రోగనిరోధక శక్తిని అణచే మందుల విషయంలో రోగి చెప్పే బాధను భ్రమ అని కొట్టేయడానికి అది ఎవరికీ హక్కు ఇవ్వదు.

అలాంటి మందే అజాథయోప్రిన్. అది వేసుకున్న మనిషి "జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడిపోతోంది సార్" అంటే చాలాసార్లు వచ్చే జవాబు, "ప్రాణం ముఖ్యమా, జుట్టు ముఖ్యమా?" అన్నది. నుడ్‌టీ15 అనే జన్యువులో తేడా ఉన్నవారిలో ఈ మందు తెల్ల రక్తకణాలను ప్రమాదకరంగా పడగొడుతుంది. జుట్టు విపరీతంగా ఊడటం దానికి తొలి హెచ్చరిక కావచ్చు. ఈ తేడా మనవాళ్ళలో తరచుగానే కనిపిస్తుంది. హైదరాబాద్‌లోని ఆసియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ పరిశోధకులు వెయ్యికి పైగా పేగువాపు రోగులను పరిశీలించి, ఈ ముప్పును పసిగట్టడానికి పాశ్చాత్య దేశాల్లో ఎక్కువగా చేయించే టీపీఎంటీ పరీక్ష కంటే నుడ్‌టీ15 పరీక్షే మన రోగులకు బాగా పనికొస్తుందని 2020లో తేల్చారు. జుట్టు ఊడుతోందన్న ఫిర్యాదును నవ్వి పారేసిన రోజున మనం పోగొట్టుకునేది ఒక రక్తపరీక్ష చేయించాల్సిన సమయం.

తిరువూరు పక్కనే ఉన్న ఎ.కొండూరు మండలం తండాల సంగతి ఈ ప్రాంతంలో తెలియనివారు లేరు. ఇంటింటా కిడ్నీ జబ్బు. దాని మూలం నీళ్ళలో ఉందా, ఇంకెక్కడుందా అన్నది శాస్త్రం తేల్చాలి. తేలిన విషయం ఒకటుంది: దెబ్బతిన్న కిడ్నీకి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్ళలు మరింత చేటు. మిరప కోతకో పత్తి తీతకో వెళ్ళి నడుము పట్టేసిన కూలీకి ఆర్ఎంపీ ఇచ్చేవి అవే. ఆ మనిషికి "ఇవి కిడ్నీలకు పడవు" అని ఎవరూ చెప్పలేదు. భయపడి మానేసి ఉంటే మంచిదే కదా! ఇలా చెప్పి తీరాల్సినవి ఇంకా ఉన్నాయి. మెథోట్రెక్సేట్ వాడే మనిషికి జ్వరమో మూత్రంలో మంటో వస్తే సెప్ట్రాన్ అనే యాంటీబయాటిక్ ఇస్తారు. ఆ రెండూ కలిస్తే రక్తకణాలు ఘోరంగా పడిపోవచ్చు. కిడ్నీ మార్పిడి చేయించుకుని టాక్రోలిమస్ వాడుతున్నవారికి పెరట్లో కాసిన పంపరపనస తినకూడదని తెలియాలి, అది రక్తంలో మందు మోతాదును పెంచేస్తుంది. రోగనిరోధక శక్తి తగ్గినవారిలో నిద్రాణంగా ఉన్న టీబీ మేల్కొనవచ్చు కాబట్టి వారాల తరబడి దగ్గు, సాయంత్రం జ్వరం ఉంటే చెప్పాలని తెలియాలి. వేరే ఊరి స్పెషలిస్టు మూడు నెలలకోసారి కనపడతాడు. మిగతా రోజులన్నీ తన శరీరాన్ని కనిపెట్టుకుని ఉండేది రోగి ఒక్కడే.

మౌనం ఇంకొక చెడు కూడా చేసింది. ఇంగ్లీషు మందుల గురించి డాక్టర్లు దాస్తారన్న అనుమానం ఊళ్ళలో పాతుకుపోయింది. ఆ అనుమానం మీదే "మా మందుకు సైడ్ ఎఫెక్టులుండవు" అనే పొట్లాల వ్యాపారం నడుస్తోంది. కీళ్ళనొప్పుల పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మిన ఉదంతాలు పరీక్షల్లో బయటపడ్డాయి. దాపరికానికి భయపడి పారిపోయిన రోగి, పేరు లేని స్టెరాయిడ్ చేతిలో పడుతున్నాడు.

టైము లేదంటారు. ఓపీలో వంద మంది క్యూ కట్టి ఉంటే ఒక్కొక్కరికీ పాఠం చెప్పలేరు, ఒప్పుకుంటాను. కానీ మూడు విషయాలు చాలు: ఏది వస్తే భయపడనక్కర్లేదు, ఏది వస్తే ఆ రోజే రావాలి, ఏ బిళ్ళ సొంతంగా ఆపకూడదు. చెప్పాల్సింది డాక్టరు ఒక్కరే కాదు. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనల ప్రకారం రోగికి మందు వాడకం వివరించడం ఫార్మసిస్టు బాధ్యత. చికిత్సకు ఒప్పుకునే ముందు దాని ప్రమాదాల గురించి తగినంత సమాచారం రోగికి ఇవ్వాలని సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో 2008లోనే చెప్పింది. చట్టం ఎప్పుడో తేల్చేసిన విషయం మన క్లినిక్కుల్లో ఇంకా చర్చగానే మిగిలింది.

రోగులకూ ఒక మాట. పడని మందు గురించి పక్కింట్లో చెప్పే ముందు రాసిన డాక్టరుకు చెప్పండి, ఆయన విసుక్కున్నా చెప్పండి. భారత ప్రభుత్వ మందుల భద్రతా కార్యక్రమానికి 1800-180-3024 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి మీరే ఫిర్యాదు నమోదు చేయవచ్చు, అందుకు డాక్టరు చీటీ అక్కర్లేదు. మీ ఇంట్లో కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ వాడుతున్నవారుంటే ఇవాళే ఆ పెట్టె తీయండి. ఏ రోజు వేసుకోవాలో డాక్టరునో ఫార్మసిస్టునో అడిగి, ఆ వారం పేరు పెట్టె మీద పెద్ద తెలుగు అక్షరాలతో రాయండి.